చిత్తడి మొక్కకు రెండో పేరు

హుల్టనేస్ రంపపు మిల్లు, స్మోలాండ్
1767 మే 12

తమ్ముడు ఎలోఫ్‌ను అక్క మార్తా దీవించి రాస్తున్నది.

మంచు కరిగి మూడు వారాలైంది. కాలువ నిండా నీళ్లు. మిల్లులో రంపం ఆగకుండా ఆడుతోంది. మీ బావ హోకన్ కనుబొమల మీద కూడా రంపపు పొట్టుతో ఇంటికొస్తున్నాడు. కాఫీ మీద నిషేధం ఎత్తేదాకా వేయించిన బార్లీ నీళ్లే మాకు గతి. ఇది కాఫీయే అనుకుని తాగమంటాను. అనుకోవడానికి కూడా ఓపిక ఉండాలంటాడు.

ఈ ఉత్తరంతో పాటు నాలుగు మడతల కాగితంలో ఒక మొక్కను పెట్టాను. మిల్లు వెనక చిత్తడిలో నాచు మీద పాకుతుంది. పువ్వు బార్లీ గింజంత. తెలుపు, మధ్యలో ఒక్క ఊదా గీత. పొద్దున్న పొగమంచు నేలను పట్టుకుని ఉన్నంతసేపూ ఒక్కటీ కనబడదు. మంచు లేవగానే చిత్తడంతా ఎవరో పాలు చిలకరించినట్టు ఉంటుంది. నేను అక్కడ నిలబడితే పని సంగతి, పొయ్యి మీద గంజి సంగతి, అన్నీ మరిచిపోతాను. నువ్వు ఇక్కడ వదిలేసిన మొక్కల పుస్తకంలో వెతికాను. దొరకలేదు. మీ ప్రొఫెసరు గారికి చూపించు.

మరో మాట. పోయిన ఉత్తరంలో మొక్క మొదటి పేరు స్త్రీలింగమైతే, దాని గుణం చెప్పే రెండో పేరును పుంలింగంలో రాశావు. నాన్న బతికుంటే చెవి మెలేసేవాడు. ఆయన నీకు లాటిన్ చెబుతుంటే ఉన్ని దువ్వుతూ విన్నదాన్ని నేను. తిట్లు నీకు, చదువు నాకు దక్కాయి. అన్నిటికన్నా నాకు విశేషణాలే ఇష్టం. ఊళ్లో చాలామందికి పెట్టేశాను. చర్చి గంట కొట్టే ముసలాయన రుగోసుస్, అంటే ముడతలవాడు. కొత్త పాస్టరు గారి భార్య ఊరెన్స్, అంటే తగిలితే దురద పుట్టించేది. ఎవరితోనూ అనకు.

ఇంకో కబురు కూడా ఉంది. అది కాస్త నిలదొక్కుకున్నాక రాస్తాను.

ఉన్ని మేజోళ్లు ఎండాకాలమని విప్పేయకు.
మీ అక్క

*

లుండ్
1767 జూన్ 9

అక్కకు, బావకు నమస్కారాలు.

అక్కా, నీ కాగితం మడతను ప్రొఫెసర్ రీడెలిన్ గారే విప్పారు. భూతద్దం పెట్టి చూశారు, పుస్తకాలు తిరగేశారు, మళ్లీ చూశారు. చివరికి తల ఎత్తి, "ఇది ఎక్కడ దొరికింది?" అన్నారు. మా అక్క ఇంటి వెనక అన్నాను. "మీ అక్క ఇంటి వెనకకు ఇంతవరకు ఎవరూ వెళ్లలేదన్నమాట" అన్నారు.

అవునక్కా, దీన్ని ఎవరూ వర్ణించలేదు. వంశం ఏదో తెలుస్తూనే ఉంది కాబట్టి మొదటి పేరుకు లోటు లేదు. రెండో పేరే మనం పెట్టాలి. స్మోలాండ్ చిత్తడి మొక్కల మీద నా సిద్ధాంత వ్యాసాన్ని డిసెంబరులో పండితుల సభ ముందు నిలబెట్టుకోవాలి. నీ మొక్క అందులో కొత్త మొక్కగా అచ్చవుతుంది. సభ గట్టెక్కితే, గోటెబోర్గ్ నుంచి సముద్రాలు దాటి తూర్పున కాంటన్ రేవుకు వెళ్లే ఓడలో మొక్కలు సేకరించే పని నాకు ఇప్పిస్తామన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నేల మీద నడుస్తున్నా నా కాళ్లు ఊగుతున్నాయి.

కానీ కాయ చూడనిదే వర్ణన పూర్తి కాదు. వేసవి చివర్లో కాయలున్న మొక్కలు వీలైనన్ని పంపు.

నీ రెండో కబురేమిటో ఊహించేశాను. బావ రెండో రంపం బిగిస్తున్నాడు! నిలదొక్కుకున్నాక అన్నావు కదా, ఇంకేముంటుంది?

పుంలింగం తప్పుకు క్షమాపణలతో
ఎలోఫ్

*

హుల్టనేస్
1767 ఆగస్టు 20

ఎలోఫ్,

ఆలస్యమైంది. జూలైలో మూడు వారాలు మంచం మీదే ఉన్నాను. చలిజ్వరం అనుకో.

మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపారు. అక్కడి నుంచి చిత్తడి కనబడుతుంది. ఒళ్లు కాలుతున్నప్పుడు ఆ తెలుపు నేల విడిచి పైకి తేలినట్టూ, కిటికీ దాకా వచ్చి ఆగినట్టూ ఉండేది. లోపలికి రమ్మన్నానట. నాకు గుర్తు లేదు. హోకన్ చెప్పాడు.

నువ్వడిగినవి ఏరడానికి నేను వెళ్లలేకపోయాను. హోకనే వెళ్లి రెండు గంపల మొక్కలు తెచ్చి, తనే ఆరబెట్టి, తనే కట్ట కట్టి టపాలో వేశాడు. ఒక్కదానికీ కాయ లేదన్నాడు.

ఆ రెండో కబురు ఇక లేదు. దాని గురించి అడగకు.

మార్తా

*

లుండ్
1767 సెప్టెంబరు 18

ప్రియమైన అక్కకు,

నీకు జ్వరం తగ్గిందని సంతోషం. రంపం సంగతికి విచారించకు. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు.

బావ పంపిన కట్ట అందింది. ఎంత శ్రద్ధగా ఆరబెట్టాడో! నూట నలభై మొక్కలు లెక్కపెట్టాను. పువ్వు రాలిన తొడిమలు ఉన్నాయి, కాయ అన్నది ఒక్కటీ లేదు. వేళ్ల నుంచి తీగ పాకి కొత్త మొక్కలు లేస్తాయి, అంతే. ప్రొఫెసరు గారికి మూడు విశేషణాలు రాసిచ్చాను. ఆయన తడుముకోకుండా మూడోదాని కింద గీత గీశారు. స్టెరిలిస్.

నీకు అర్థం చెప్పనక్కర్లేదు కదా. నేను వర్ణనలో ఇలా రాశాను: "విరివిగా పూయును, కాయదు. ఆ పూత అంతా వ్యర్థము." ప్రొఫెసరు గారికి ఈ వాక్యం ఎంతో నచ్చింది. లింగం గొడవ కూడా లేదు చూశావా, ఆడదానికైనా మగవాడికైనా ఒకటే రూపం! దాని కిందనే, "హుల్టనేస్ మిల్లు నుండి వ్యాసకర్త సోదరి మార్తా పంపినది" అని ఉంటుంది. ఇంతవరకు మన ఇంట్లో ఎవరి పేరూ అచ్చులో లేదు. నాన్న పేరు కూడా లేదు. మీ పాస్టరు గారికి ఒక ప్రతి పంపమన్నాను. చర్చిలో చదివి వినిపిస్తాడేమో, ఆ ఊరెన్స్ గారి ముఖం చూడు.

గర్వంతో
నీ తమ్ముడు

*

హుల్టనేస్
1767 అక్టోబరు 6

విద్యార్థి శ్రీ ఎలోఫ్ గారికి,

మీ ఉత్తరం అందింది. మీ లాటిన్‌లో ఈసారి తప్పులు లేవు.

నాకు చెప్పకుండా మీకు ఎవరు రాశారో నాకు తెలుసు. మొక్కల కట్ట కట్టినవాడే అందులో ఒక చీటీ కూడా పెట్టి ఉంటాడు. ఎవరికీ చెప్పవద్దని నేను మంచం మీద నుంచి ఒట్టు పెట్టించుకున్నాను. ఆ ఒట్టుకు రెండు నెలలే ఆయుష్షు. అతనితో మాట్లాడి నాలుగు రోజులైంది.

అతను చెప్పాడు సరే. దాన్ని లాటిన్ చేసి నా పేరు పక్కన అచ్చు వేయించడానికి మీకు చేతులు ఎలా వచ్చాయి? పైగా దాన్ని చర్చిలో చదివించాలా?

నా పేరు తీసేయండి. మొక్క మీ ఇష్టం.

మార్తా

*

లుండ్
1767 అక్టోబరు 24

అక్కా,

నీ ఉత్తరం ఆరుసార్లు చదివాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏ చీటీ? ఎవరు ఏం రాశారు? బావ కట్టలో మొక్కలూ, కొంచెం రంపపు పొట్టూ తప్ప ఏమీ లేవు.

"మిల్లు నుండి" అని రాశానని కోపమా? అయితే దివంగత పాస్టరు గారి కుమార్తె అని తప్పొప్పుల పట్టీలో వేయిస్తాను. కనిపెట్టింది నువ్వైతే పంపినట్టు మాత్రమే రాశానని కోపమా? అడిగితే అదీ చూస్తాను. కానీ పేరు గురించి మాత్రం ఏమీ చేయలేను. ఆ పుట అచ్చయిపోయింది. ఒక గుణం ఉంటే ఉందని, లేకపోతే లేదని చెప్పడమే విశేషణం పని. దానికి మనసు ఉండదక్కా. దానిమీద అలగడం నీలాంటి చదువుకున్నదానికి తగదు.

నన్ను "గారు" అనకు. చలి వేస్తోంది.

ఎలోఫ్

*

హుల్టనేస్
1767 నవంబరు 8

ఎలోఫ్‌కి బావ హోకన్ రాసేది.

నాకు రాయడం పెద్దగా రాదు. తప్పులుంటే నవ్వుకో, తరవాత మాత్రం మర్చిపో.

నీ చివరి ఉత్తరం మీ అక్క విప్పలేదు. గోడ అర మీద అలాగే ఉంది. అంతకుముందు నువ్వు రాసినదాన్ని మాత్రం నలిపి పొయ్యి పక్కన పారేసింది. నేను తీసి సాపు చేసుకున్నాను. అందులో ఒక లాటిన్ మాట ఉంది. పాస్టరు గారి దగ్గరికి పట్టుకెళ్లి, ఇదేమిటండీ అని అడిగాను. ఆయన, "గొడ్డు అని. ఆవుకైనా, నేలకైనా, మనిషికైనా అదే మాట" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు.

జూలైలో ఆమెకు వచ్చింది చలిజ్వరం కాదు. అయిదో నెల కడుపు పోయింది. మంత్రసాని గునిల్లా రెండు రోజులు మా ఇంట్లోనే ఉంది, మనిషి దక్కితే చాలంది. అది మూడోసారి. మొదటిది మా పెళ్లయిన ఏడాదే వసంతంలో, రెండోది నిరుడు మంచు పడే రోజుల్లో. నీకు ఏదీ తెలియదు. నువ్వు చదువుకుంటున్నావు, మనసు పాడవుతుందని చెప్పనివ్వలేదు. ఈసారి నిలుస్తుందనుకుంది. మేలో నీకు రాస్తానన్న కబురు అదే.

నేను ఒట్టు తప్పలేదు ఎలోఫ్. ఆ కట్టలో చీటీ పెట్టలేదు. చెబితే నమ్మలేదు. ఒకసారి చెప్పాను. రెండోసారి చెబితే అబద్ధమాడేవాడిలా ఉంటానని ఊరుకున్నాను. ఇప్పుడు నిజంగానే ఒట్టు తప్పి నీకు రాస్తున్నాను. చూడు ఎలా అయ్యిందో.

నాకు రొట్టె పెడుతుంది, చొక్కా కుడుతుంది, మాట్లాడదు. రోజూ పొద్దున్న ఒక పలక చెక్క చంకన పెట్టుకుని చిత్తడిలోకి వెళ్తుంది. పొగమంచులో పది అడుగులు వేసిందంటే ఇక కనబడదు. నేను మిల్లు తలుపు దగ్గర నిలబడి, మళ్లీ కనబడేదాకా రంపం ఆపేస్తాను. అక్కడ ఏం చేస్తోందో అడగడానికి నోరు రాదు.

నిన్ను తప్పుపట్టడం లేదు. నువ్వు మొక్క గురించే రాశావు. ఆమె మాత్రం తన గురించే చదువుకుంది.

హోకన్

*

లుండ్
1767 నవంబరు 25

అక్కా,

బావ రాశాడు. ఒట్టు తప్పినందుకు అతన్ని ఏమీ అనకు. ముందు ఎవరూ నాకు చెప్పలేదని దేవుడి మీద ప్రమాణం చేస్తున్నాను. చెప్పి ఉంటే ఆ మాట రాసేముందు నా చెయ్యి ఆగిపోయేది.

నీ రెండో కబురును నేను రంపం అనుకున్నాను. విచారించకు, వచ్చే ఏడు అని కూడా రాశాను. ఆ వాక్యం ఇప్పుడు నాకు నిద్రలోనూ కనబడుతోంది.

ఉత్తరం చదివిన గంటలో ప్రొఫెసరు గారింటికి వెళ్లాను. లోపల కాఫీ వాసన వచ్చింది. ఇద్దరం గమనించనట్టే ఉన్నాం. పేరు మార్చమని అడిగాను, కారణం కూడా చెప్పాను. చెప్పకూడదేమో, నాకు వేరే దారి తోచలేదు. ఆయన రాతిమనిషి కాదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తరువాత అన్నారు: "మీ అక్కగారికి నా సానుభూతి చెప్పు. కానీ పేరుకు కావలసింది జాలి కాదు, నిజం. కాయ చూపించు, ఈ క్షణం కొట్టేస్తాను."

"కాయ లేదండీ."

"అయితే పేరు ఉంటుంది."

"అయితే నేను ఉండనండీ" అన్నాను. ఆ పుటను సభలో నా నోటితో సమర్థించలేనని చెప్పి వచ్చేశాను. నా తేదీని ఇంకొకరికి ఇచ్చారు. ఓడలో నా చోటు కూడా అతనికే పోతుంది. బాధ లేదని అబద్ధం చెప్పను. నిన్న రేవు పటం చుట్టేసి పెట్టె అడుగున పెట్టాను.

నువ్వు జవాబు రాయకపోయినా ఫరవాలేదు. ఉత్తరం విప్పితే చాలు.

ఎలోఫ్

*

హుల్టనేస్
1767 డిసెంబరు 16

ఒరేయ్ ఎలోఫ్,

విప్పాను. ముందు అర మీద ఉన్నది, తరువాత ఇది. ముందుదాన్ని విప్పి ఉంటే ఇంత జరిగేది కాదు. నా తప్పు అది. మీ బావ దగ్గరికి మిల్లులోకి వెళ్లి చెప్పాను. రంపం మోతలో వినబడలేదేమో అనుకుని మళ్లీ గట్టిగా చెప్పాను. "మొదటిసారే వినబడింది. రెండోసారి కూడా విందామని ఊరుకున్నాను" అన్నాడు.

ఇప్పుడు నీకు తిట్లు. ఓడ ఎందుకు వదిలేశావు? నా మీద జాలితోనా? నాకోసం ఒక మొక్కకు అబద్ధపు పేరు పెట్టమని అడిగానా నేను? నా పేరు తీసేయమన్నాను, అంతే. మీ ప్రొఫెసరు గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు సరి.

ఆయన అన్నది సరే. నువ్వు రాసిందే తప్పు.

అక్టోబరులో, ఆఖరి పూలు ఇంకా ఉండగానే, కోపంతో మొదలుపెట్టాను. ఇన్ని వేల పూలు పూసి ఒక్కటీ కాయదా, చూద్దాం అనుకున్నాను. నువ్వు చూసినవన్నీ హోకన్ పీకినవి. అతను గడ్డి పీకినట్టు పైనుంచి పీకాడు. నేను పలక చెక్క వేసుకుని దాని మీద బోర్లా పడుకుని, ముక్కు నాచుకు తగిలేటంత దగ్గరగా చూశాను. చలికి వేళ్లు కొంకర్లు పోయేవి. పొగమంచులో అలా పడుకుంటే భూమి మీద నేనూ ఆ నాచూ తప్ప ఏమీ లేనట్టు ఉండేది. ఏడవడానికి కూడా మంచి చోటు. కొన్నాళ్లు కాయ వెతకడం వంకే అయింది.

పువ్వు రాలగానే తొడిమ వంగుతుంది ఎలోఫ్. రోజూ కొంచెం. వంగి వంగి నాచులోకి దూరుతుంది. పైనుంచి లాగితే సరిగ్గా ఆ వంపు దగ్గరే తెగుతుంది. తెగిందే మీరు చూశారు. నవంబరు పదమూడున అల్లిక సూదితో నాచు విడదీశాను. రెండు వేళ్ల లోతున కాయ ఉంది. గోధుమ రంగు, గసగసాలంత గింజలు, తొమ్మిది. పక్కదాని కిందా ఉంది. ఆ పక్కదాని కిందా ఉంది. అప్పుడు లేచి కూర్చున్నాను. కళ్ల ముందు చిత్తడంతా ఖాళీగా, తెల్లగా, చప్పుడు లేకుండా ఉంది. ఆ ఖాళీ కింద ఎక్కడ చూసినా గింజలే.

నాచుతో సహా కోసి పన్నెండు ముక్కలు పెట్టెలో పెట్టి పంపుతున్నాను. తడి ఆరనివ్వకు.

ఒక్కటి గుర్తుంచుకో. ఇది చూసి నన్ను ఓదార్చవద్దు. మొక్కకు కాయ ఉంది. నాకు లేదు. ఇకముందు ఉండకపోవచ్చని గునిల్లా అంది. ఆ రెండింటినీ కలపకు. నేను ఒకసారి కలిపి చాలా నష్టపోయాను.

పేరు మార్చమని నా తరఫున కాదు, మొక్క తరఫున అడుగు.

అక్క

*

లుండ్
1768 ఫిబ్రవరి 3

అక్కా,

పెట్టె మొన్న వచ్చింది. టపా బళ్లు మంచులో చిక్కుకున్నాయట. నాచు ఇంకా పచ్చగానే ఉంది.

ప్రొఫెసరు గారు నీ అల్లిక సూది పద్ధతే పాటించారు. ఇంట్లోంచి భార్య సూది తెప్పించారు. మూడో ముక్కలో కాయ బయటపడగానే కుర్చీలో వెనక్కి వాలి, "నలభై ఏళ్లుగా మొక్కలను పైనుంచే పీకుతున్నాను" అన్నారు. నువ్వు రాసిన వర్ణనను లాటిన్‌లోకి మార్చమని నాకిచ్చారు. నేను మార్చింది చూసి రెండు తప్పులు దిద్దారు. అవి ఏవో చెప్పను.

ఆ పుటను చింపించి మళ్లీ అచ్చు వేయిస్తున్నారు. ఇప్పుడు పేరు లాటెన్స్. దాగి ఉన్నది. "వ్యర్థము" అన్న వాక్యం పోయింది. మే నెలలో నా సభ. ఓడ మాత్రం వెళ్లిపోయింది. నెల రోజులు ఆ రేవు పటం తీసి కూడా చూడలేదు. ఇప్పుడు ఫరవాలేదు. సభ అయ్యాక అక్కడికి వస్తాను. నాకూ ఒక పలక చెక్క కోయించమని బావతో చెప్పు.

ఒకటి అడగాలి. "ఫలమును కనుగొని వర్ణించినది మార్తా" అని వేయమంటున్నారు ప్రొఫెసరు గారు. నువ్వు పేరు తీసేయమన్నావు. ఈసారి నిన్ను అడక్కుండా ఏదీ అచ్చు కానివ్వను.

నీ జవాబు కోసం అచ్చుపని ఆపించిన
ఎలోఫ్

*

హుల్టనేస్
1768 మార్చి 2

తమ్ముడు ఎలోఫ్‌కు,

వేయమను. పాస్టరు గారికి ప్రతి కూడా పంపమను.

చెక్క కోయడం అయిపోయింది. నీ పొడవు ఎంతో నాకు గుర్తులేక హోకన్ తన పొడవుకే కోశాడు. నీకు పెద్దదైతే ఇద్దరూ పడుకోవచ్చంటున్నాడు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం నీ ఉత్తరం అతనికి చదివి వినిపించాను. బయట మంచు మెల్లగా, గాలి లేకుండా, పడాలా వద్దా అన్నట్టు పడుతోంది. గది అంతా ఆ వెలుతురే. లాటెన్స్ అంటే ఏమిటో చెప్పాను. ఒక్కో గుణానికి ఒక్కో మాట ఉంటుందా అన్నాడు. ఉంటుందన్నాను. లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. తరువాత నావైపు తిరగకుండానే అడిగాడు.

"మనవాళ్ల ముగ్గురికీ పేర్లు లేవు కదా."

లేవన్నాను. జ్ఞానస్నానం లేనిదే పేరు ఉండదు, చర్చి పుస్తకంలో ఎక్కరు. అతనికీ తెలుసు. మేము ఈ మాట మాట్లాడుకోవడం ఇదే మొదలు.

"నీ మాటల్లోంచి ఒక్కొక్కటి ఇవ్వు" అన్నాడు.

మొదటిది వసంతంలో పోయింది కాబట్టి వెర్నాలిస్ అన్నాను. వసంతానిది. రెండోది మంచు రోజుల్లో. నివాలిస్, మంచుది. రెండూ మెల్లగా తిరిగి పలికాడు. కొత్తగా కోసిన పలకను చేత్తో నిమిరి చూసేటప్పుడు ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. మూడోదానికి నాకు మాట రాలేదు ఎలోఫ్. ఇన్ని విశేషణాలు తెలిసినదాన్ని, ఒక్కటీ దొరకలేదు. అది అయిదు నెలలు ఉంది. నాలో కదిలింది.

హోకనే అన్నాడు: "మనది అనడానికి మాట ఉందా?"

"నోస్ట్రా" అన్నాను.

"అది కూడా విశేషణమేనా?"

అవునన్నాను. వ్యాకరణం ప్రకారం అది విశేషణమే. నువ్వు ఎవరినైనా అడిగి చూడు.

మీ అక్క
మార్తా